చీటీ వస్తేనే తెరుచుకునే షట్టరు: హార్మోను గ్రాహకాలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈస్ట్రోజెన్ గ్రాహకం (ఆ హార్మోనును పట్టుకుని జన్యువులను పనిచేయించే, కణంలోని ప్రోటీను) గురించి గత సంచికలో నాలుగు మాటలు రాసి వదిలివేసినందుకు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఐదింటిని ఎంచుకున్నాను. విడివిడిగా రాసినవారు విడివిడి సందేహాలే అడిగారు గానీ, తీగ లాగితే అన్నీ ఒక్క దుంపకే వస్తున్నాయి.

ప్రశ్న: నేను శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ జంతుశాస్త్రం చదువుతున్నాను. సెమినారు కోసం ఇచ్చిన పరిశోధన వ్యాసంలో ‘క్రీ-ఈఆర్‌టీ2’ అనే మాట పదే పదే వస్తున్నది. ఎలుకలకు టామాక్సిఫెన్ ఇచ్చిన తరువాతే జన్యువు తొలగిపోయిందని రాశారు. రొమ్ము క్యాన్సరుకు వాడే మాత్రకూ జన్యువును కత్తిరించడానికీ సంబంధమేమిటో మా తరగతిలో ఎవరికీ బోధపడలేదు. దయచేసి వివరించగలరు.
– ఒక విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: ఆ పేరులో రెండు ప్రాణుల సొత్తు ఉన్నది. ‘క్రీ’ బాక్టీరియాను పట్టే పీ1 అనే వైరస్‌ది. ‘ఈఆర్’ మనిషి ఈస్ట్రోజెన్ గ్రాహకానిది. ఈ రెండింటి జన్యుభాగాలను ఒకదాని వెంట ఒకటి, నడుమ తెగకుండా అతికించి కణంలోకి పంపితే, కణం వాటిని ఏకబిగిన చదివి ఒకే పొడవాటి ప్రోటీనును తయారుచేస్తుంది. దీనిని ఫ్యూజన్ ప్రోటీను అంటారు. ‘సంలీన ప్రోటీను’ అన్న అనువాదం ఉన్నది గానీ, అది రెండూ ఒకదానిలో ఒకటి కరిగిపోయాయన్న భ్రమ కలిగిస్తుంది కనుక నేను అతుకు ప్రోటీను అనే అంటాను. అతికిన తరువాత కూడా ఏ ముక్క పని ఆ ముక్క చేసుకుపోతుంది. ఈ విద్య అంతా ఆ ఒక్క గుణం మీదనే నిలబడి ఉన్నది.

క్రీ చేసేది కత్తెర పని. లాక్స్‌పీ అనే 34 అక్షరాల డీఎన్ఏ వరుసను అది గుర్తుపడుతుంది. ఒక జన్యువుకు అటూ ఇటూ ఒకే దిశలో ఆ వరుసలను ముందుగా చేర్చి ఉంచితే, నడుమనున్న భాగాన్ని తొలగించి తెగిన కొసలను తానే కలుపుతుంది. ఒక్క కాలేయంలోనే జన్యువును తీసివేయాలంటే, కాలేయకణాలలో మాత్రమే క్రీ తయారయ్యే ఎలుకలను పెంచితే సరిపోతుంది. దీనితో చోటు మన చేతిలోకి వచ్చింది గానీ కాలం రాలేదు. తల్లి కడుపులో ఉన్నప్పుడే అవసరమయ్యే జన్యువు అక్కడే తెగిపోతే ఆ పిల్ల పుట్టదు. పుట్టని ఎలుకలో ముసలితనపు జబ్బును ఎలా చూస్తాము? కత్తెర మొదటి నుంచీ కణంలో ఉండాలి, మనం చెప్పేదాకా కదలకుండా ఉండాలి.

ఈస్ట్రోజెన్ గ్రాహకం అవసరం ఇక్కడే పడింది. 595 అమైనో ఆమ్లాల ఆ ప్రోటీనులో డీఎన్ఏను పట్టుకునే ఖండం వేరు, హార్మోనును పట్టుకునే ఖండం వేరు. రెండవది ప్రోటీను చివరి భాగంలో ఉంటుంది. క్రీకి అతికించేది దానినే.

హిరమండలం దగ్గరి గొట్టా బ్యారేజీ కాలువల కింద పొలం ఉన్నవారికి లస్కరు తెలియనివాడు కాడు. పైనుంచి చీటీ వచ్చేదాకా షట్టరు దగ్గరికి ఎవరినీ రానీయడు. చీటీ వచ్చిందా, పక్కకు తప్పుకుంటాడు. కణంలో ఈ లస్కరు పేరు హెచ్ఎస్‌పీ90. కణంలోని ప్రోటీన్లన్నింటిలో ఒకటి రెండు శాతం ఇదే ఉంటుందంటే ఎంత పని ఉన్న ప్రోటీనో ఊహించవచ్చును. హార్మోను లేనప్పుడు గ్రాహకపు చివరి ఖండం సరిగా ముడుచుకోక వదులుగా ఉంటుంది. అటువంటి వదులు ప్రోటీన్లను కనిపెట్టి, తన తోటి ప్రోటీన్లతో కలిసి పట్టుకుని ఉండడమే హెచ్ఎస్‌పీ90 వృత్తి. ఆ ఖండాన్ని పట్టుకుంటే దానికి అతికిన క్రీ కూడా దాని గుప్పిట్లోనే చిక్కి, కేంద్రకం బయటనే ఉండిపోతుంది. హార్మోను వచ్చి ఆ ఖండంలోని గూటిలో కూర్చోగానే ఖండం బిగుసుకుంటుంది, చివరనున్న పన్నెండవ మెలిక (ప్రోటీను గొలుసు చుట్ట తిరిగిన భాగం, హెలిక్స్) మూతలా తన చోటు మార్చుకుంటుంది, హెచ్ఎస్‌పీ90 వదిలేస్తుంది. విడుదలైన కత్తెర కేంద్రకంలోకి పోయి తన పని తాను చేస్తుంది.

లస్కరుకు తన షట్టరు ఏ కాలువదన్న పట్టింపు లేనట్టే, హెచ్ఎస్‌పీ90కి కూడా ఆ ఖండం వెనుక ఏది అతికి ఉన్నదన్న పట్టింపు లేదు. అందుకే అదే ఖండాన్ని కత్తెరకు తగిలించినా, జన్యువులను పనిచేయించే మరొక ప్రోటీనుకు తగిలించినా చాలావరకు అదే అదుపు వస్తుంది. అన్నింటికీ వస్తుందని కాదు. అతుకు పెట్టిన చోటు, నడుమనున్న పొడవు సరిపడక విఫలమైన జతలూ ఉన్నాయి.

ఇక టామాక్సిఫెన్ సంగతి. ఎలుక ఒంట్లో ఈస్ట్రోజెన్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, చూలుతో ఉన్నప్పుడు మరీ ఎక్కువ. గ్రాహకాన్ని ఉన్నదున్నట్టు వాడితే మనం చీటీ పంపకముందే ఒంటిలోని హార్మోనే చీటీలు పంచిపెడుతుంది. అందుకని గూటిలోని కొన్ని అమైనో ఆమ్లాలను మార్చి, సహజమైన ఈస్ట్రోజెన్‌కు చలించకుండా, టామాక్సిఫెన్ నుంచి కాలేయంలో తయారయ్యే 4-హైడ్రాక్సీటామాక్సిఫెన్‌కు మాత్రం చలించేటట్టు చేశారు. మీ వ్యాసంలోని ‘ఈఆర్‌టీ2’లో 400, 543, 544 స్థానాలలో మూడు మార్పులు ఉంటాయి, ‘టీ’ అన్నది టామాక్సిఫెన్‌కు గుర్తు. మందును నూనెలో కరిగించి ఎలుకకు సాధారణంగా కొన్ని రోజుల పాటు వరుసగా ఇస్తారు.

దీనితో ఏమి సాధించారో ఒక్క ఉదాహరణ చెబుతాను, సెమినారులో చెప్పదగినది. ఎలుక పేగు లోపలి పొర కొద్ది రోజులకొకసారి పూర్తిగా కొత్తదవుతుంది. ఆ కొత్త కణాలు ఎక్కడినుంచి వస్తున్నాయన్నది చాలాకాలం వివాదంగా ఉన్నది. నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లెవర్స్ బృందం 2007లో, పేగు గుంటల అడుగున ఎల్‌జీఆర్5 అనే జన్యువు పనిచేసే కణాలలో మాత్రమే క్రీ-ఈఆర్‌టీ2 తయారయ్యేటట్టు చేసి, టామాక్సిఫెన్ ఇచ్చినప్పుడు ఆ కణాలకు చెరగని రంగు గుర్తు పడేలా ఏర్పాటు చేసింది. గుర్తు డీఎన్ఏలోనే పడింది కనుక పిల్లకణాలకూ వారసత్వంగా వచ్చింది. మొదట అడుగున ఒకటి రెండు కణాలకే ఉన్న రంగు, రోజులు గడిచేకొద్దీ గుంట అడుగు నుంచి, పేగు లోపలికి వేలిలా పొడుచుకువచ్చే ముడుపు (విల్లస్) కొస దాకా ఒక నాడాలా సాగింది. రెండు నెలల తరువాత చూసినా అలాగే ఉన్నది. మూలకణాలు అవేనని అలా తేలింది. ఏ రోజున గుర్తు వేశామో తెలియకపోతే ఈ లెక్క కుదిరేది కాదు.

సెమినారులో మిమ్మల్ని ఎవరైనా ఇరకాటంలో పెట్టదలిస్తే, టామాక్సిఫెన్ తనంతట తానే ఎలుక మీద చూపే ప్రభావం మాటేమిటని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. క్రీ-ఈఆర్ లేని తోబుట్టువు ఎలుకలకు కూడా అదే మందు, అదే మోతాదులో ఇచ్చి పోల్చారా అన్నది మీ వ్యాసంలో వెతికి చూసుకోండి. అది లేని వ్యాసాలను నేను సగం నమ్మకంతోనే చదువుతాను.

ప్రశ్న: నాకు రొమ్ము క్యాన్సరు ఆపరేషను అయిన తరువాత టామాక్సిఫెన్ మాత్ర రాశారు. రెండేళ్లుగా వాడుతున్నాను. ఈ మాత్రతో ఎలుకల జన్యువులు కత్తిరిస్తారని మా తోడికోడలి కూతురు పుస్తకంలో చూసి చెప్పినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. నా జన్యువులకు కూడా ఏమైనా అవుతుందా? నాకు పిల్లలున్నారు.
– పేరు వద్దన్న పాఠకురాలు, రాజాం

జవాబు: అమ్మా, మీరు భయపడుతున్న కత్తిరింపు మీ ఒంట్లో జరగదు. ఎలుకలో కత్తిరించేది క్రీ అనే వైరస్ ప్రోటీను. టామాక్సిఫెన్ దానికి తాళం తీసే చెవి మాత్రమే. ఆ ప్రోటీను గానీ, అది వెతికే లాక్స్‌పీ గుర్తులు గానీ మనిషిలో లేవు. వాటిని ప్రయోగశాలలో ఎలుకకు పనిగట్టుకుని చేర్చారు. తాళమూ తలుపూ లేని చోట చెవి ఏమి చేయగలదు?

మీలో ఈ మాత్ర చేసే పని వేరు. రొమ్ముకణాలలోని సహజమైన ఈస్ట్రోజెన్ గ్రాహకపు గూటిలోకి ఇది చేరి, ఈస్ట్రోజెన్‌కు చోటు లేకుండా చేస్తుంది. దీనివల్ల పన్నెండవ మెలిక సరైన చోట కూర్చోలేక, కణం పెరగమన్న ఆదేశం ఆగిపోతుంది. క్యాన్సరు తిరగబెట్టకుండా ఏళ్ల తరబడి దీనిని వాడమనేది అందుకే. అయితే గర్భాశయపు లోపలి పొరలో ఇదే మాత్ర ఈస్ట్రోజెన్ లాగానే కొంత పనిచేస్తుంది. అందుచేత నెలసరి ఆగిన తరువాత రక్తస్రావం కనిపించినా, ఉన్నట్టుండి కాలు వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోవాలి. పుస్తకంలో చదివిన భయంతో మాత్ర మానవద్దు. మానాలన్నా మార్చాలన్నా మీకు వైద్యం చేస్తున్నవారినే అడగండి.

ప్రశ్న: హార్మోను గ్రాహకపు ఖండాన్ని అతికించి ప్రోటీన్లను అదుపు చేసే ఈ పద్ధతిని ఎవరు కనుగొన్నారు? నోబెల్ బహుమతి వచ్చిందా?
– ఒక ఉపాధ్యాయుడు, బొబ్బిలి

జవాబు: ఒక్కరు కాదు. షికాగోలో ఎల్వుడ్ జెన్సెన్ 1950ల చివరలో రేడియోధార్మిక గుర్తు వేసిన ఈస్ట్రోజెన్ గర్భాశయ కణాలలో నిలిచి ఉండడం గమనించి, దానిని పట్టుకునే గ్రాహకం ఉన్నదని చూపారు. 1985, 1986 సంవత్సరాలలో రొనాల్డ్ ఎవాన్స్, పియెర్ షాంబాన్ బృందాలు గ్రాహకాల జన్యువులను వేరుచేశాయి. ఖండాలను అటుదిటు మార్చి చూడడం వెంటనే మొదలైంది: 1987లో షాంబాన్ బృందం ఈస్ట్రోజెన్ గ్రాహకంలో డీఎన్ఏను పట్టుకునే ఖండం స్థానంలో, కార్టిసాల్ అనే మరో హార్మోను గ్రాహకపు ఖండాన్ని పెట్టగా, కార్టిసాల్‌కు లొంగవలసిన జన్యువు ఈస్ట్రోజెన్‌కు లొంగింది. నా దృష్టిలో అసలు మలుపు మాత్రం 1988లో డిడియే పికార్డ్, కీత్ యమమోటోలు చేసిన ప్రయోగం. గ్రాహకాలతో ఏ చుట్టరికమూ లేని ఈ1ఏ అనే వైరస్ ప్రోటీనుకు కార్టిసాల్ గ్రాహకపు చివరి ఖండాన్ని అతికిస్తే, అది కూడా హార్మోను వచ్చేదాకా నోరుమూసుకుని కూర్చున్నది. ఆ ఖండం ఎక్కడికైనా తీసుకుపోదగిన తాళమని అప్పుడు రుజువైంది. క్రీకి దానిని తగిలించింది 1995లో స్ట్రాస్‌బర్గ్‌లోని షాంబాన్ ప్రయోగశాల.

నోబెల్ రాలేదు. జెన్సెన్, షాంబాన్, ఎవాన్స్ ముగ్గురికీ కలిపి 2004లో లాస్కర్ పురస్కారం ఇచ్చారు.

ప్రశ్న: ఆర్యా, నేను మొక్కజొన్న వేసే రైతును. మా అబ్బాయి అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతున్నాడు. కొన్ని పురుగుమందులు పురుగును నేరుగా చంపవట, కాలం కాని కాలంలో కుబుసం విడిచేటట్టు చేసి చంపుతాయట. అదే జాతి మందుతో మనుషుల్లో జన్యువులు తెరిచి మూసే వైద్యం కూడా చేస్తున్నారని అంటున్నాడు. మొదటిది నమ్మాను గానీ రెండవది నమ్మలేకపోతున్నాను.
– ఒక రైతు, చీపురుపల్లి

జవాబు: రెండూ నమ్మవచ్చును, మీ అబ్బాయి బాగానే చదువుతున్నాడు.

గొంగళిపురుగు పెరగాలంటే పాత చర్మం విడవాలి. ఎప్పుడు విడవాలో చెప్పే హార్మోను పేరు ఎక్డైసోన్. 1954లో జర్మనీలో బ్యుటెనాంట్, కార్ల్‌సన్ అనే రసాయనవేత్తలు దాదాపు 500 కిలోల పట్టుపురుగు ప్యూపాలను నూరి వడగట్టి 25 మిల్లీగ్రాముల శుద్ధమైన ఎక్డైసోన్‌ను తీశారు. అరటన్ను ప్యూపాలకు చిటికెడు కూడా రాలేదన్నమాట! అంత స్వల్పమైన పదార్థం పురుగు ఒళ్లంతటినీ కదిలిస్తున్నదంటే, దానిని పట్టుకునే గ్రాహకం కణాల్లో ఉండి తీరాలి. ఉన్నది, అది ఈస్ట్రోజెన్ గ్రాహకానికి దూరపు బంధువు. టెబుఫెనోజైడ్, మెథాక్సీఫెనోజైడ్ వంటి మందులు ఆ గ్రాహకపు గూటిలోనే చేరి, హార్మోను వచ్చినట్టు నమ్మిస్తాయి. పురుగు మేత మాని కుబుసం విడవబోతుంది. అయితే అసలు హార్మోను కొద్దిసేపు పెరిగి తగ్గిపోవాలి, ఈ మందు తగ్గదు. కుబుసం సగంలో చిక్కుకుని పురుగు చస్తుంది.

ఇక వైద్యం సంగతి. మనిషికి ఎక్డైసోన్ లేదు, దాని గ్రాహకమూ లేదు. మన హార్మోన్లు ఏవీ ఆ గూటికి సరిపోవు, ఆ గూటికి సరిపోయే మందు మన గ్రాహకాలను పెద్దగా కదిలించదు. పరాయి ఊరి తాళం మన ఊరి చెవులకు రాదు. జన్యువులను అదుపు చేయదలచినవారికి కావలసింది సరిగ్గా అదే. అందుకని ఎవాన్స్ బృందం 1996లో పురుగు గ్రాహకాన్ని మార్చి క్షీరదాల కణాలలో, ఎలుకలలో పెట్టింది. ఇక్కడ ఒక మెలిక ఉన్నది: పురుగులో ఈ గ్రాహకం అల్ట్రాస్పిరాకిల్ అనే తోడుతో జతకడితేనే పనిచేస్తుంది, ఆ తోడుకు సమానమైన ఆర్ఎక్స్ఆర్ అనే ప్రోటీను క్షీరదాలలో ఉండడం వల్ల పని సాగింది.

తరువాత దీనినే చికిత్సకు మలిచారు. ఇంటర్‌ల్యూకిన్-12 అనే ప్రోటీను రోగనిరోధక కణాలను క్యాన్సరు మీదికి రేపగలదు, మితిమీరితే రోగినే దెబ్బతీస్తుంది. మెదడు గడ్డ తిరగబెట్టిన రోగులకు, ఆపరేషను సమయంలో ఈ ప్రోటీను జన్యువును ఎక్డైసోన్ గ్రాహకపు అదుపులో పెట్టి వైరస్ ద్వారా గడ్డ ఉన్న చోట ఎక్కించి, వెలెడిమెక్స్ అనే గుళికను నోటితో ఇచ్చి దానిని తెరిచారు. ఈ వెలెడిమెక్స్ రసాయనికంగా మీ అబ్బాయి చెప్పిన పురుగుమందుల కుటుంబానిదే, డయాసిల్‌హైడ్రజిన్. 2019లో ప్రచురించిన ఆ తొలి దశ పరీక్షలో, గుళిక మోతాదును బట్టి దుష్ప్రభావాలు పెరిగాయి, గుళిక ఆపగానే అవి తగ్గాయి. జబ్బు నయమైపోయిందని దీని అర్థం కాదు. అది తొలి దశ పరీక్ష. షట్టరు మనిషిలో కూడా తెరుచుకుంటుంది, మూసుకుంటుంది అని మాత్రం తేలింది.

ఒక్క మాట: ఒకే కుటుంబపు రసాయనమైనంత మాత్రాన డబ్బాలోని పురుగుమందు మనిషికి హాని చేయదని అనుకోకండి. చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ లేకుండా పిచికారీ చేయవద్దు.

ప్రశ్న: మాది నెల్లిమర్ల దగ్గరి ఊరు, ప్రస్తుతం ఒక నగరంలో పరిశోధన చేస్తున్నాను. మనిషి కణాలలో గాల్4-ఈఆర్-వీపీ16 అనే అతుకు ప్రోటీనును పెట్టాను. ఎస్ట్రడయోల్ (ఈస్ట్రోజెన్లలో ఒకటి) వేస్తేనే మిణుగురు పురుగు లూసిఫెరేజ్ జన్యువు వెలగాలి. ఏమీ వేయకపోయినా వెలుగుతున్నది. కణాలు పాతబడ్డాయని మా గైడు గారు అంటున్నారు. కారణం అదేనా?
– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: ఇతర పాఠకుల కోసం ముందుగా రెండు మాటలు. గాల్4 ఈస్ట్ నుంచి తెచ్చిన డీఎన్ఏ పట్టు. వీపీ16 హెర్పిస్ వైరస్ నుంచి తెచ్చిన, జన్యువును గట్టిగా పనిచేయించే ముక్క. రెండింటి నడుమ ఈస్ట్రోజెన్ గ్రాహకపు తాళం. క్రీతో పోలిస్తే ఇందులో ఒక సౌకర్యం ఉన్నది: హార్మోనును తీసివేస్తే జన్యువు మళ్లీ ఆగుతుంది. క్రీ కత్తిరించినది మళ్లీ అతకదు గనుక, అక్కడ ఒక్క పూట కారినా ఆ తప్పు కణం వంశమంతటా నిలిచిపోతుంది. ఎంత బిగించినా షట్టరు కింద కొంత నీరు కారడం మన కాలువల మీద చూసినదే. ఈ తాళాలూ అంతే. కారడం ఎంత, ఎందుకు అన్నదే తేల్చుకోవలసింది.

మీ సందేహానికి వస్తే, కణాల వయస్సు మీదికి పోయే ముందు మీ మీడియం (కణాలను పెంచే ద్రవం) రంగు చూడండి. ఎర్రగా, గులాబీగా ఉంటే అందులో ఫీనాల్ రెడ్ ఉన్నది. ఆ రంగుతో కలిసి వచ్చే పదార్థం ఈస్ట్రోజెన్ లాగా పనిచేస్తుందని 1980లలోనే తెలిసినా, ఇప్పటికీ ఎందరో అక్కడే జారిపడుతున్నారు. రెండవ అనుమానం సీరం మీద. పశువుల రక్తం నుంచి తీసినది కనుక అందులో వాటి హార్మోన్లు ఉంటాయి. ఫీనాల్ రెడ్ లేని మీడియం, బొగ్గుపొడితో స్టెరాయిడ్లను తొలగించిన సీరం తెప్పించుకుని, రెండింటినీ ఒకేసారి మార్చి, కణాలను రెండు మూడు రోజులు అందులోనే ఉంచి అప్పుడు కొలవండి. స్టెరాయిడ్లు ప్లాస్టిక్‌కు అంటుకుని ఉండిపోయే రకం గనుక, ఎస్ట్రడయోల్ వేసిన ప్లేట్లకూ వేయని ప్లేట్లకూ ఒకే రిజర్వాయరు (ద్రవం పోసుకునే తొట్టె), ఒకే సీసా వాడవద్దు.

అప్పటికీ వెలుగుతుంటే, ప్లాస్మిడ్ (జన్యువును కణంలోకి మోసుకుపోయే డీఎన్ఏ వలయం) మోతాదును పదో వంతుకు తగ్గించి చూడండి. అతుకు ప్రోటీను మోతాదుకు మించి తయారైతే, అదుపు చేయవలసిన హెచ్ఎస్‌పీ90 దానికి చాలదు. గాల్4-ఈఆర్-వీపీ16 అసలు పెట్టకుండా లూసిఫెరేజ్ ప్లాస్మిడ్‌ను మాత్రమే పెట్టిన ప్లేటు ఒకటి తప్పక ఉండాలి. అది కూడా వెలిగితే నేరం తాళానిది కాదు, ప్రమోటరుది (జన్యువు ముందుండి దానిని చదివించే డీఎన్ఏ భాగం). తాళానిదేనని తేలితే ఈఆర్‌టీ2 ఖండానికి మారి 4-హైడ్రాక్సీటామాక్సిఫెన్ వాడవచ్చును, లేదా హ్యూస్టన్‌లో 1994లో రూపొందిన ప్రొజెస్టరోన్ గ్రాహకపు పద్ధతికి పోవచ్చును. అందులో చివరి 42 అమైనో ఆమ్లాలను కోసివేయడం వల్ల గ్రాహకం ప్రొజెస్టరోన్‌ను విడిచి, మిఫెప్రిస్టోన్ అనే మందుకే పలుకుతుంది, అదీ చాలా తక్కువ మోతాదుకు. మీ కణాలు ఈస్ట్రోజెన్‌తో పెరిగే ఎంసీఎఫ్-7 (రొమ్ము క్యాన్సరు కణాలు) వంటివైతే మాత్రం ఎస్ట్రడయోల్ తాళాన్ని మొదటే వదిలిపెట్టవలసింది. వేసిన ప్రతిసారీ మీ జన్యువుతో పాటు కణాల సొంత జన్యువులు వందల కొద్దీ కదులుతాయి.

ఈ మార్పులు చేశాక ఏ ప్లేటులో ఎంత వెలుగు వచ్చిందో అంకెలతో సహా రాయండి. ‘తగ్గింది’ అని మాత్రం రాస్తే నేను ఏమీ చెప్పలేను.